చెవిలోని తూకం గుండు

తల పక్కకు వాల్చి చూసినా ఎదురుగా ఉన్న గోడ వాలదు. కంట్లో పడే గోడ బొమ్మ మాత్రం తల వాలిన మేరకు వాలుతుంది. సెల్‌ఫోను కాస్త ఒరగబట్టి ఫొటో తీస్తే అందులో ఇల్లు ఒరిగిపోతుంది. మనిషి తల ముప్పై డిగ్రీలు ఒరిగినా అదే ఇల్లు నిలబడే కనిపిస్తుంది. కంటికీ మనసుకూ నడుమ ఎక్కడో సవరింపు జరుగుతోందన్నమాట. అది ఎంత బాగా జరిగిందో కొలవడానికి సులువైన మార్గం ఉంది. చీకట్లో ఒక వెలుగు గీతను చూపించి, దాన్ని నిటారుగా నిలబెట్టించమని అడగాలి. మనిషి నిటారన్న గీతకూ తూకం గుండు దారానికీ మధ్య ఉన్న కోణమే ఆ సవరింపులో జరిగిన తప్పు. తల తిన్నగా పెట్టుకున్న ఆరోగ్యవంతుల్లో ఈ తప్పు మామూలుగా రెండు, రెండున్నర డిగ్రీలు మించదు. తల వాలిస్తే మించుతుంది. ఎటు మించుతుంది, ఎందుకు మించుతుంది, ఆ తప్పును ఎవరి ఖాతాలో వెయ్యాలి అన్న ప్రశ్నలు నూట అరవై ఏళ్ళకు పైగా నలుగుతున్నాయి.

ఈ సంవాదంలో వాదులు ఇద్దరు. ఒకరు గోదావరి జిల్లాల్లో నలభై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్న తాపీమేస్త్రి. రెండోవారు రాజమండ్రిలో ఫిజిక్సు పాఠాలు చెప్పే మాస్టారు. ధవళేశ్వరంలో కాలవగట్టు దగ్గర లేస్తున్న ఇల్లు ఆయనదే. నిటారు అనేది లోకంలోనే ఉంది, చూడటం వచ్చినవాడి కంటికి అది ఉన్నదున్నట్టు అందుతుంది అన్నది మేస్త్రి పక్షం. బయట ఉన్నది నేల లాగే లాగుడు మాత్రమే, నిటారు తల లోపల తయారయ్యే సరుకు అన్నది మాస్టారి పక్షం.

తగువు గోడ దగ్గరే పుట్టింది. మాస్టారు ఫోనును కుడి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతూ, మెట్ల పక్కన గోడ మూల కుడికి ఒరిగినట్టుందన్నారు. మేస్త్రి మారుమాట లేకుండా పరంజా ఎక్కి గుండు వేశారు. తూకం గుండు చూడ్డానికి చిన్న పనిముట్టే గాని అందులో తెలివి చాలా ఉంది. ఇనుప గుండు వెడల్పు ఎంతో, దారం మీద జారే చెక్కబిళ్ళ వెడల్పూ అంతే. బిళ్ళను గోడ పైభాగానికి ఆనించి దారం వదిలితే, గోడ తిన్నగా ఉన్నప్పుడు కింద గుండు గోడను తాకీ తాకకుండా ఆగుతుంది. గోడ ముందుకు ఒరిగి ఉంటే గుండుకూ గోడకూ మధ్య సందు తేలుతుంది. వెనక్కి ఒరిగి ఉంటే గుండు గోడ మీదే పడి ఆనుకుంటుంది, ఊగదు. ఈసారి గుండు నాలుగైదు ఊపులు ఊగి, వెంట్రుకవాసి ఎడంలో ఆగింది. రెండో ముఖానికి వేసినా అంతే. గోడలో దోషం లేదు.

మేస్త్రి: చూశారుగా మాస్టారూ. గోడ తిన్నగానే ఉందండి. తమరు తల పక్కకెట్టి చూశారు, అంతే.

మాస్టారు: నేననేదీ అదే మేస్త్రిగారూ. తల వాలితే నిటారు మారుతుంది.

మేస్త్రి: ఆయ్, అలా అనకండి. తమరు మనసు ఫోను మీద పెట్టి చూపు గోడ మీద పెట్టారు. పరంజా మీద నేనెన్ని వంకర్లు పోతానో తమరు చూడలేదు. ఒక్కోసారి ఒంటికాలి మీద నిలబడి, తల భుజానికి ఆనేదాకా ఒరిగి ఇటుక పెడతాను. గోడ ఏనాడూ ఒరిగి కనపడలేదండి. తల వాలితే నిటారు మారేదైతే ఈపాటికి గోదారి జిల్లాల్లో సగం ఇళ్ళు కాలవలో పడుండాలి.

ఈ మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. పగటి వెలుతురులో, చుట్టూ గోడలూ గుమ్మాలూ స్తంభాలూ కనిపిస్తుండగా తల వాలిస్తే నిటారు పెద్దగా చెదరదు. రోజూ జరిగేది అదే. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని టీవీ చూసేవాళ్ళకు అందులోని మనుషులు అడ్డంగా పడుకున్నట్టు అనిపించదు. కాబట్టి మాస్టారి పక్షం నిలవాలంటే ముందు ఈ సవరింపు ఉందని ఒప్పుకుని, అది చేసేదెవరో చెప్పాలి.

మాస్టారు: సవరింపు జరుగుతోంది, కాదనను. ఎవరు చేస్తున్నారంటారు?

మేస్త్రి: ఇంకెవరండి, కన్నే.

మాస్టారు: అయితే బండి అద్దంలో చూసుకోండి. తెల్లగుడ్డు మీద ఎర్ర నరాలున్నాయి కదా, వాటినే చూస్తూ తల నెమ్మదిగా భుజం మీదికి వంచండి.

మోటారుసైకిలు అద్దంలో మేస్త్రి చాలాసేపు చూశారు. తల కుడికి వంగుతుంటే ఎర్ర నరాలు రెప్పల అంచుల మధ్య కొంచెం ఎడమకు తిరిగి ఆగాయి. ఇది అందరి కళ్ళలోనూ జరుగుతుంది. తల ఎటు వంగితే కనుగుడ్లు దానికి ఎదురుగా, బండి చక్రంలా, తమ ఇరుసు మీద తిరుగుతాయి. కాని ఆ తిరుగుడు తల వాలులో సుమారు పదోవంతే. తల ముప్పై డిగ్రీలు వంగితే కన్ను వెనక్కి తిప్పేది మూడు నాలుగు డిగ్రీలు. ఎంత వంచినా అది ఏడెనిమిది దాటడం అరుదు. మిగతాదంతా వాలిన బొమ్మగానే మెదడుకు పోతుంది.

మేస్త్రి: తిరిగింది కదండీ. కన్ను తన పని చేసింది.

మాస్టారు: ముప్పై రూపాయల బాకీలో మూడు రూపాయలు తీర్చింది. మిగతా ఇరవై ఏడు ఎవరిచ్చారు?

మేస్త్రి: తమరే చెప్పండి మరి.

మాస్టారు: చెవి.

లోచెవిలో శబ్దాన్ని అందుకునే నత్తగుల్ల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. ఒక్కొక్క సంచిలో సన్నటి కేశాలున్న కణాల పరుపు, దాని మీద జిగురు పొర, ఆ పొర మీద గులకరాళ్ళు చల్లినట్టు స్ఫటికాలు. ఒక్కో స్ఫటికం మామూలుగా మిల్లీమీటరులో సుమారు వందోవంతు ఉంటుంది. తల తిన్నగా ఉన్నప్పుడు ఒక సంచిలో పరుపు దాదాపు నేలకు సమంగా, రెండోదానిలో దాదాపు నిలువుగా ఉంటుంది. తల వాలితే రాళ్ళ బరువుకు జిగురు పొర జారుతుంది, దానితో కేశాలు వంగుతాయి, నరం మెదడుకు కబురు పంపుతుంది. ఎర్నెస్ట్ మాక్, జోసెఫ్ బ్రాయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1870లలో లోచెవికి ఇలాంటి పని ఉందని విడివిడిగా వాదించారు. ఆ స్ఫటికాలు కాల్షియం కార్బనేట్. తాపీపనికి అది కొత్త సరుకేమీ కాదు: సున్నపురాయిలోనూ, గుల్లసున్నం కోసం బట్టీలో కాల్చే గుల్లల్లోనూ ఉన్నది అదే.

మేస్త్రి: సున్నమేనా అండీ! చెవిలో సున్నపురాయి గుండు పెట్టుకుని తిరుగుతున్నామన్నమాట. మరింకేం, గెలిచింది నేనే. గుండు ఉన్నాక నిటారు తప్పేదెలా?

మాస్టారు: మీ గుండు దారానికి వేలాడుతుంది. ఇది జిగురులో కూరుకుపోయి ఉంది. ఎంత వాలిందో మీ గుండంత కచ్చితంగా చెప్పలేదు. వెలుతురులో మిగతావాళ్ళు సాయం చేస్తారు గనక దాని లోటు బయటపడదు. వెలుతురు తీసేద్దాం, రండి.

ఇంట్లో కిటికీ లేని గది ఒకటే ఉంది, సామాన్ల గది. ట్యూబు ఉన్న ఎమర్జెన్సీ లైటుకు నల్లకాగితం చుట్టి, బ్లేడుతో జానెడు పొడవున సన్నని చీలిక కోశారు. దాన్ని చెక్కకు బిగించి, చెక్క మధ్యలో మేకు కొట్టి, గోడ మీద గడియారం ముల్లులా తిరిగేట్టు అమర్చారు. తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కారు. చీకట్లో ఆ గీత తప్ప మరేమీ లేదు. మేస్త్రి మొదట స్టూలు మీద తిన్నగా కూర్చున్నారు. మాస్టారు చెక్క తిప్పుతుంటే ‘ఆపండి’ అన్న ప్రతిసారీ లైటు వేసి, గుండు దారం పక్కన పిల్లల కోణమాని పెట్టి చూస్తే తేడా డిగ్రీ లోపే. నలభై ఏళ్ళ పని ఊరికే పోలేదు.

తరవాత నులకమంచం మీద కుడిచెవి కిందికి పెట్టి పడుకోబెట్టారు. గీతను మాస్టారు గుండుకు సరిగ్గా కలిపి ఉంచి, ఎలా ఉందని అడిగారు.

మేస్త్రి: ఎడమకి ఒరిగిందండి. బాగా ఒరిగింది.

మాస్టారు: నిటారు చేయించుకోండి.

మేస్త్రి: కుడికి తిప్పండి... ఇంకా... ఇంకొంచెం. ఆ, ఇదే. గుండు వేసినట్టుంది.

తలుపు తీశారు. ‘గుండు వేసిన’ గీత పైకొస కుడికి, అంటే పడుకున్న తల వైపుకు, పద్దెనిమిది డిగ్రీలు ఒరిగి ఉంది. వెలుతురు పడిన మరుక్షణం మేస్త్రికీ ఆ వంకర కనిపించింది. తలుపు మూస్తే కొంతసేపటికి మళ్ళీ నిటారైంది. మంచం మీద నుంచి లేవకుండానే నాలుగుసార్లు తీయించి మూయించి చూసుకున్నారు.

ఇదే సంగతిని 1861లో జర్మనీలో హెర్మన్ ఆబెర్ట్ రాశాడు. చీకటిగదిలో నిలువు వెలుగుగీతను చూస్తూ తల బాగా పక్కకు వాల్చితే గీత ఎదురు దిక్కుకు వాలినట్టు కనిపించింది. గదిలో వెలుతురు రాగానే తిన్నగా నిలబడింది. తల వాలును మెదడు తక్కువ లెక్క కట్టడం వల్ల ఇది జరుగుతుంది. నిజంగా వాలింది తొంభై, మెదడు వేసుకున్న లెక్క డెబ్బై అనుకుంటే, మిగిలిన ఇరవై డిగ్రీలు గీత నెత్తిన పడతాయి. తల ఒక్కటే వాల్చినా, మంచం మీద ఒళ్ళంతా వాల్చినా తప్పు దిక్కు ఇదే.

మేస్త్రి: సరే, ఒప్పుకున్నా. కానీ మంచమెక్కి పడుకుని గోడ కట్టేవాడు ఎవడండి? కూర్చుని తల కొంచెం వంచి చూద్దాం. అదీ పనిలో ఉండేది.

కుడి భుజం వైపు పాతిక ముప్పై డిగ్రీలు తల వంచి మేస్త్రి నిలబెట్టించిన గీత ఈసారి ఎదురు దిక్కుకు, ఎడమకు, నాలుగు డిగ్రీలు పోయింది. తల ఎక్కువ వాలితే తప్పు తల వైపుకు. తక్కువ వాలితే తప్పు తలకు ఎదురుగా. ఈ రెండోదాన్ని 1916లో జార్జ్ ఎలియాస్ ముల్లర్ వివరంగా రాశాడు. మొదటిదానికి ఆబెర్ట్ పేరు, రెండోదానికి ముల్లర్ పేరు నిలిచాయి. ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో మనిషిని బట్టి మారుతుంది. అరవై డిగ్రీలు దాటాక సాధారణంగా ఆబెర్ట్‌దే రాజ్యం.

మేస్త్రి: ఇదేం లెక్కండీ! చెడ్డ తూకం ఎప్పుడూ ఒకవైపుకే చెడుద్ది. అటూ ఇటూ చెడితే దాన్ని తూకం అనరు.

మాస్టారు: ఇద్దరు వేరువేరు మనుషులు వేరువేరు తప్పులు చేస్తుంటే? అద్దంలో చూసిన మూడు నాలుగు డిగ్రీలు గుర్తున్నాయా? కన్ను కొంచెం వెనక్కి తిరిగిందన్న సంగతి మెదడు లెక్కలో పూర్తిగా రాసుకోదు. తల ముప్పై వాలింది గనక కన్నూ ముప్పై వాలిందనుకుంటుంది. కన్ను వాలింది ఇరవై ఆరే. అవసరానికి మించి నాలుగు డిగ్రీలు సవరించేస్తుంది. చిన్న వాలులో కనపడేది ముఖ్యంగా ఈ తప్పే.

మేస్త్రి: పెద్ద వాలులో?

మాస్టారు: అక్కడ అలవాటు తప్పు చేస్తుంది.

ముల్లర్ తప్పుకు కన్ను తిరుగుడు ఒక్కటే కారణమని అందరూ ఒప్పుకోరు; అది కొంత భాగాన్నే వివరిస్తుందన్నది జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళ మాట. ఆబెర్ట్ తప్పుకు వివరణ మాత్రం ఇంతకన్నా ఆసక్తికరమైనది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హోర్స్ట్ మిటెల్‌స్టాట్ 1983లో ఒక ప్రతిపాదన చేశాడు. చెవిరాళ్ళు చెప్పే నిటారుతో పాటు మెదడు తన ఒంటి నిలువును కూడా కొంత నిటారుగా కలుపుకుంటుందని, అందువల్ల ఒళ్ళు ఎటు వాలితే నిటారు కొంచెం అటు లాక్కుపోతుందని అన్నాడు. తరవాతివాళ్ళు దీన్ని సంభావ్యత లెక్కల్లోకి మార్చారు. మెలకువగా ఉన్న మనిషి తల రోజులో ఎక్కువ సేపు నిటారుగానో, దాని దగ్గర్లోనో ఉంటుంది. చెవి పంపే కబురు మసకగా ఉన్నప్పుడు, ఎక్కువసార్లు నిజమయ్యే దాని వైపు మొగ్గితే సగటున నష్టం తక్కువ. తల ఎంత ఎక్కువ వాలితే చెవి కబురు అంత మసకబారుతుంది, మొగ్గూ అంత ఎక్కువవుతుంది.

మేస్త్రి: ఇది నాకు తెలుసండీ. ఇటుకల లారీ దిగిపోయాక వచ్చామనుకోండి. గుట్ట చూసి ఎన్నున్నాయో చెప్పమంటే, కంటికి సరిగా ఆనకపోతే ఎప్పుడూ వచ్చే లోడు ఎంతో ఆ అంకె దగ్గరికే పోతాం. నూటికి తొంభైసార్లు సరిపోద్ది. ఆ రోజు సగం లోడే వచ్చుంటే మాత్రం దెబ్బయిపోతాం.

మాస్టారు: మీ మంచం సగం లోడు లాంటిది.

మేస్త్రి: అయితే తప్పంటారేంటండి దాన్ని? రోజల్లా తిన్నగా నిలబెట్టేది ఆ అలవాటే కదా.

ఈ ఎదురుప్రశ్నకు మాస్టారి దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజానికి ఈ రంగంలో పనిచేసేవాళ్ళూ దాన్ని లోపమనడం తగ్గించారు. తల నిటారుగా ఉన్నప్పుడు చెవి కబురులోని చిన్న చిన్న తడబాట్లను అణచిపెట్టి గీతను డిగ్రీ తేడాలో నిలబెట్టేది, మంచం మీద పద్దెనిమిది డిగ్రీలు తప్పించేది ఒకే మొగ్గు. మొదటిది కావాలంటే రెండోదాన్ని భరించాలి.

ఓడిపోతున్నానని అనిపించినప్పుడు మేస్త్రి గుండును ముందుకు తెచ్చారు. కన్ను, చెవి, అలవాటు ఎలా ఉన్నా గుండు అబద్ధమాడదు, నిటారు లోకంలో ఉందనడానికి అదే సాక్ష్యం. ధవళేశ్వరంలో ఈ మాటకు బలం ఎక్కువే. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, దాని కింద డెల్టా అంతటా పాకిన కాలవలు కంటి అంచనాతో తవ్వినవి కావు. ఇక్కడి నేల వాలు కంటికి ఆనదు. నీరు ఎటు పారాలో మట్టం పనిముట్లు చెప్పాయి. మాస్టారు మాత్రం సాక్ష్యాన్ని వంతెన మీదికి లాగారు.

మాస్టారు: కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోడ్డు కమ్ రైలు వంతెన మీద ఎప్పుడైనా రైల్లో వచ్చారా?

మేస్త్రి: వందసార్లొచ్చానండి.

మాస్టారు: రాజమండ్రి వైపు కొసన వంతెన తిన్నగా ఉండదు, తిరుగుతుంది. అక్కడ పెట్టెలో మీ గుండు వేలాడదీస్తే ఏం చూపిస్తుంది?

1974లో తెరిచిన ఆ వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. కింద రైలు, పైన రోడ్డు. రాజమండ్రి ఒడ్డున అప్పటికే ఊరు కట్టేసి ఉండటంతో చివరి ఆరు చిన్న ఖానాలను 6 డిగ్రీల వంపులో వేశారు. రైల్వే లెక్కలో 6 డిగ్రీల వంపంటే సుమారు 290 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు. రైలు ఆ మలుపులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే పెట్టెలో వేలాడే గుండు నేల నిటారు నుంచి రెండున్నర డిగ్రీలు బయటికి తప్పుకుంటుంది. మలుపుల్లో బయటి పట్టాను ఎత్తుగా వెయ్యడం మామూలు. వేగానికి తగ్గట్టు ఎత్తు కుదిరితే గుండు దారం పెట్టె గోడకు సమాంతరంగానే ఉంటుంది. ప్రయాణికుడు తను తిన్నగా కూర్చున్నాననుకుంటాడు, కిటికీ బయట స్తంభాలూ ఇళ్ళూ ఒరిగి కనిపిస్తాయి. మాక్ దృష్టిని ఈ వైపుకు తిప్పినదీ రైలు మలుపులో ఒరిగి కనిపించిన చెట్లూ ఇళ్ళే. నేల లాగుడునూ, వేగం దిక్కు మారినప్పుడు పుట్టే తోపునూ విడదీసి చెప్పడం గుండు వల్ల కాదు, చెవిరాళ్ళ వల్లా కాదు. రెండూ ఒకటిగానే పనిచేస్తాయన్న ఆలోచనను ఐన్‌స్టయిన్ 1907లో తన గురుత్వ సిద్ధాంతానికి మొదటి మెట్టుగా పెట్టుకున్నాడు.

మేస్త్రి: రైలాపి వెయ్యండి గుండు. కదిలేదాని మీద గుండు వెయ్యకూడదని మా కుర్రాడికి కూడా తెలుసు.

మాస్టారు: చెవికి రైలాపే వీలు లేదు కదా మేస్త్రిగారూ.

మేస్త్రి: అది చెవి ఖర్మండి. గుండుది కాదు.

గుండు విషయంలో ఇద్దరూ చివరిదాకా ఇక్కడే ఆగిపోయారు. మేస్త్రి మాటకూ అర్థముంది: గుండును ఎప్పుడు నమ్మాలో తెలిసినవాడి చేతిలో గుండు వేరు, తలలో ఇరుక్కుపోయిన గుండు వేరు.

ఇంకో సాక్షిని మాస్టారు మొదట్లోనే పిలిచి ఉండాల్సింది. చుట్టూ ఉన్న చట్రం. అమెరికాలో హెర్మన్ విట్కిన్, సాలమన్ ఆష్ 1948లో చీకటిగదిలో వెలిగే చతురస్రపు చట్రాన్ని ఒరగబెట్టి, దాని మధ్య కర్రను నిటారు చెయ్యమన్నారు. చట్రం ఎటు ఒరిగితే జనం కర్రనూ కొంత అటే ఒరగబెట్టారు. తిన్నగా ఉన్న కర్ర వాళ్ళకు చట్రానికి ఎదురు దిక్కున ఒరిగినట్టు తోచింది. కొందరిలో ఈ తప్పు లేనట్టే ఉంది, కొందరిలో చాలా పెద్దది. తల కూడా వాలిస్తే చట్రం పట్టు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు చెవి మాట మసకబారుతుంది. ద్వారబంధం ఎత్తేటప్పుడు పసుపు, కుంకుమ, మామిడాకుల కన్నా ముందు మేస్త్రి రెండు వైపులా గుండు వేసేది ఇందుకే కావచ్చు: గుమ్మం ఒరిగితే దాని లోంచి చూసే గదంతా ఎదురు దిక్కుకు ఒరిగినట్టు ఉంటుంది. కోనసీమ కాలవల మీద నీటివైపు ఒకే తీరున వంగిన కొబ్బరిచెట్ల వరస కూడా ఇలాంటి చట్రమే.

మేస్త్రి: ఆగండాగండి. తమరు ఫోను మాట్లాడుతూ చూశారే, ఆ మూల పక్కన ఏముంది?

మూల పక్కన పరంజా ఉంది. నాలుగు సరుగుడు కర్రలు, కట్లు వదులై, నాలుగూ ఒకే తీరున ఎడమకు ఒరిగి ఉన్నాయి. కోణమాని పెడితే ఎనిమిది డిగ్రీలు. ఎడమకు ఒరిగిన చట్రం మధ్య తిన్నని గోడ మూల కుడికి ఒరిగినట్టు తోచాలి. తల కుడి భుజం మీదికి వంగి ఉంటే ముల్లర్ తప్పూ అటే తోస్తుంది. రెండు తప్పులూ ఒకే దిక్కున కలిసొచ్చాయి.

మాస్టారు: కన్ను ఉన్నదున్నట్టు చూడలేదుగా మరి?

మేస్త్రి: తమరి కన్ను చూడలేదండి.

కంటికి తోచే నిటారు ఎంత తప్పుతోందో కొలవడానికి ఆసుపత్రుల్లో పెద్ద యంత్రం అక్కర్లేదు. మ్యూనిక్ వైద్యులు 2009లో ప్రచురించిన పద్ధతికి ఒక ప్లాస్టిక్ బకెట్టు చాలు. లోపలి అడుగున ఒక గీత, బయటి అడుగున డిగ్రీల కొలత. రోగి ముఖాన్ని బకెట్టు మూతిలో పెడితే బయటి గోడలు, గుమ్మాలు ఏవీ కనపడవు. వైద్యుడు బకెట్టును తిప్పుతూ గీత నిటారైనప్పుడు చెప్పమంటాడు. పదిసార్లు చేసి సగటు తీస్తారు. తల తిన్నగా ఉన్నా సగటు ఒక పక్కకు బాగా పోతే చెవిలోనో, అక్కడినుంచి మెదడుకు వెళ్ళే దారిలోనో ఏదో దెబ్బతిందని అనుమానిస్తారు. ఒక చెవి తూకపు నరం హఠాత్తుగా దెబ్బతింటే నిటారు ఆ చెవి వైపుకు పది డిగ్రీల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఒరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ మెదడు రెండో చెవితో లెక్క సరిచేసుకుని దాన్ని వెనక్కి తెస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరు తిన్నగా కూర్చోబెడితే పడిపోతామన్న భయంతో, బాగున్న చేత్తో చచ్చుబడిన వైపుకు తమను తామే తోసుకుంటారు. జర్మనీలో హాన్స్ ఒట్టో కార్నాత్ బృందం 2000లో వాళ్ళను ఒరిగే కుర్చీలో కూర్చోబెట్టి చూసింది. మెదడు దెబ్బతిన్న వైపుకు సుమారు 18 డిగ్రీలు ఒరిగినప్పుడు ఒళ్ళు నిటారుగా ఉందన్నారు. వెలుగు గీతను నిలబెట్టమంటే మాత్రం దాదాపు సరిగ్గా నిలబెట్టారు.

మేస్త్రి: ఒళ్ళు తప్పింది, కన్ను తప్పలేదు. నేను మొదట్నుంచీ చెప్పేది అదేనండి.

మాస్టారు: అది ఒప్పుకోవాలి. కంటికి తోచే నిటారు వేరు, ఒంటికి తోచే నిటారు వేరు. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది. రెండూ లోపల తయారయ్యేవే, కానీ ఒకే బట్టీలో కావు.

ఇసక బకెట్టు కడిగి, అడుగున గీత గీసి, మాస్టారు కూడా ముఖం పెట్టి చూశారు. తల తిన్నగా ఉంటే సగటు రెండు డిగ్రీలు. కుడికి వంచితే ఎడమకు ఆరు. మేస్త్రి కన్నా ప్రతిచోటా ఎక్కువే. ఆ అంకెల మీద మేస్త్రి ఏమీ వ్యాఖ్యానించలేదు, బకెట్టు అడుగున పెన్సిలుతో రాసి ఉంచారు.

తరవాత కుర్రాడిని పిలిచి పరంజా కట్లు విప్పించి, గుండు వేసి, నాలుగు కర్రలనూ తిన్నగా కట్టించారు. మాస్టారు మళ్ళీ ఫోను భుజానికి ఆనించి మూల వైపు చూశారు. ‘ఇంకా కుడికే ఉందాండీ’ అని మేస్త్రి అడిగారు. ఉంది, ఇందాకటి కన్నా తక్కువ. మేస్త్రి ఈసారి పరంజా ఎక్కలేదు. ఫోను చేత్తో పట్టుకోమన్నారు.